మెదడు గోడకి చెమ్మ

అబ్బబ్బ, తల ఊపకు! ఇప్పుడేగా ఆ స్కానింగ్ అమ్మాయి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది, కదిలితే కథ మళ్ళీ మొదటికొస్తుందని! పెళ్ళయినప్పట్నుంచీ నా మాటకి అడ్డు రాకుండా నువ్వు పడుకున్నది ఇవాళే. కాసేపు నన్ను మాట్లాడనీ.

నా అవస్థ చూడు మరి. ఈ ఎమ్మారై గదిలో ఇనుము పనికిరాదట, తోడుకి కూర్చునే నా బెల్టు కూడా లాగేసుకున్నారు. ఓ చేత్తో ప్యాంటు, ఓ చేత్తో నీ పాదం పట్టుకుని కూర్చున్నా. పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నానని నలుగురికీ చాటేవు సుమా!

అదిగో, మొదలైంది మోత. చెవుల్లో బిరడాలు కూడా పెట్టారుగా, ఇక నేనేం వాగినా నీకు వినపడదు.

డాక్టరమ్మ చెప్పింది విన్నావా, కునుకు తీశావా? రక్తానికీ మెదడుకీ మధ్య సన్నటి గోడలాంటిది ఉంటుందట. కావలసినవి లోపలికి రానిస్తుంది, అక్కర్లేనివి ఆపేస్తుంది. వయసు మీద పడ్డాక కొందరికి దాంట్లోంచి చెమ్మ దిగుతుందట, మన స్నానాల గది గోడలాగా. నీ చేతికి ఎక్కించే మందు ఆ గోడ దాటి ఎంత ఊరుతుందో ఈ మిషను కనిపెడుతుంది. పెద్దవాళ్ళ మీద పరిశోధన కదా, నాకు ఇందాకే చూసేశారు.

నువ్వేమో "మా ఆయన మతిమరుపు కోసం వచ్చామండీ, తోడుకి నన్నూ చూస్తున్నారు" అని నర్సు దగ్గర గొప్పలు పోయావు! నాకా మతిమరుపు? నా మొహం! కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టింది కావాలనే. చెప్పులు బీరువాలో దాచిందీ కావాలనే. నీ చేత కడుపారా తిట్లు తిన్నాను. లేకపోతే "నాకేం రోగం?" అంటూ నువ్వు అసలు గడప దాటేదానివా?

ఎందుకీ నాటకమంటావా?

ఆమధ్య పొద్దున్న కాఫీ చేతికిస్తూ నన్ను "అన్నయ్యా" అన్నావే!

వేళాకోళమేమో అనుకుని నీ మొహంలోకి చూశాను. ఎక్కడా నవ్వు లేదు. ఎప్పుడో పోయిన మీ అన్నయ్య తిరిగొచ్చినట్టు ఎంత ఆపేక్షగా చూశావని! భయమేసిందే, నిజంగా భయమేసింది.

"అన్నయ్యా, వదిన ఎలా ఉంది?" అనడిగావు.

నిన్నే చూస్తూ, "బానే ఉందమ్మా, కులాసాగానే ఉంది" అన్నాను.