వెలుగు వేయని మొహం

అయ్యో, పటం కాలేదంటే కాలేదు ఫాదర్ గారూ! ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ముందు కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు, కిటికీ పక్కన. టీ తాగండి. ఈ అక్రోటు మురబ్బా మొన్న పెట్టిందే. మీ ఆవిడకి ఒక సీసా తీసి ఉంచాను, వెళ్ళేటప్పుడు గుర్తు చెయ్యండి.

ఆదివారం ప్రతిష్ఠ అని నాకు తెలీదా? తెలావి నుంచి బిషప్ గారు వస్తున్నారని, గొర్రెని కొన్నారని, పాటలవాళ్ళు గొంతులు సవరించుకుంటున్నారని ఊరంతా చెప్తూనే ఉంది. ఇవాళ మీరు వస్తారనీ తెలుసు. మా అల్లుడు మల్ఖాజ్ మిమ్మల్ని కారులో దింపుతాడనీ తెలుసు. తను మాత్రం లోపలికి రాడు, చూశారా? గేటు దగ్గరే, ఇంజను కూడా ఆపకుండా! అత్తగారి గడప తొక్కితే కాలు కందిపోతుంది కాబోలు.

అదిగో, హారన్. ముహూర్తం దాటిపోతున్నట్టు.

నిజం చెప్పండి, మీరొచ్చింది పటం కోసమేనా? మరి మీ కళ్ళు ఆ గది తలుపు మీదే ఉన్నాయేం? ఆఁ, ఉంది. నా కూతురు లోపలే ఉంది. గురువారం నుంచీ ఉంది. పడుకోలేదు, మన మాటలు వింటూనే ఉంటుంది. కాబట్టి గుసగుసలు అక్కర్లేదు.

పటాన్నీ తీసుకురండి, పనిలో పనిగా మా ఆవిడనీ తీసుకురండి అన్నాడు మీతో మల్ఖాజ్. అంతేనా? రెండూ ఒకే ట్రిప్పులో. బాగుంది, డీజిల్ కలిసొస్తుంది.

కోప్పడకండి. నా నోరు మీకు కొత్తా? గుళ్ళు మూయించిన ఆ కాలంలో మీకు దొంగచాటుగా బాప్తిస్మం ఇచ్చిన రోజు, తలుపులు మూసిన ఆ ఇంట్లో, మీ అమ్మ పక్కన నిలబడింది నేనే. నీళ్ళు చల్లగా ఉన్నాయని మీరు పెట్టిన కేకలకి వీధిలోవాళ్ళకి తెలిసిపోతుందేమోనని ఎంత హడలిపోయాం! అందుకే ఈ గడ్డం, ఈ సిలువ చూసి ఫాదర్ గారూ అంటాను గానీ, లోపల ఇంకా మీరు ఆ పిల్లాడే నాకు.

సరే, చూడండి పటం. ఉండండి, గుడ్డ నేనే తీస్తాను.

ఏం, అలా వెనక్కి జరిగారు?

అంతా అయింది కదా, మొహం తప్ప! ఎర్రటి బట్టలు అయ్యాయి, తెల్ల ముసుగు అయింది, చేతిలో సిలువ అయింది, తల చుట్టూ బంగారు రేకు అద్దడం అయింది. అటూ ఇటూ పేరు కూడా రాశాను, పునీత షూషానిక్ అని. ఇక మొహమంటారా... అదలాగే ఉంటుంది మొదట్లో. బురదలోంచి తీసినట్టు.

మీరు సెమినరీలో పుస్తకాలు చదివుంటారు గానీ చేత్తో చేసి ఎరగరు. మేము మొహాన్ని చీకట్లోంచి మొదలుపెడతాం. ఆకుపచ్చ, నలుపు, కాస్త మట్టి. ఆ పూత ఆరాక దాని మీద పసుపు మట్టి రంగు, గుడ్డు సొనలో కలిపి, పల్చగా, కంటి కింద ఎముక మీద, నుదుటి మీద, ముక్కు మీద. అదీ ఆరాక ఇంకో పూత, ఇంకాస్త తెల్లగా. వెలుగు వేయడం అంటాం మేము. పూత పూతకీ మనిషి లోపల్నుంచి పైకొస్తున్నట్టు ఉంటుంది.

అది నేర్చుకోడానికి నాకెంత కాలం పట్టిందో! బొమ్మల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు బుగ్గలు దిద్దినదాన్ని. రోజుకి రెండొందల మొహాలు. ముందు తెలుపు, దాని మీద గులాబీ, అయిపోయింది! గుళ్ళు తెరిచాక పెద్ద ఫాదర్ గారు పిలిచి చెక్క చేతిలో పెడితే, నా మొదటి పటం, పునీత మరీనా, అచ్చం ఫ్యాక్టరీ బొమ్మలాగే వచ్చింది. ఆయన నవ్వలేదు. చీకటికి భయపడుతున్నావు ఎతెరీ, అన్నారంతే.

తర్వాత వందకి పైగా వేశాను. ఈ గోడ చూడండి, అందరూ ఆడవాళ్ళే. హతసాక్షుల్నే, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళనే అడుగుతారు నన్ను, చేయి బాగా కుదిరిందని. మరీనా. కేథరీన్. ఈ చివర బార్బరా. కన్నతండ్రే నరికాడు ఆ పిల్లని. నలభై సార్లు వేసుంటాను, ఎప్పుడూ అడగని ప్రశ్న ఈ మధ్య పట్టుకుంది నన్ను. ఆ రోజు వాళ్ళమ్మ ఎక్కడుంది? చెప్పండి, మీరు చదువుకున్నారు కదా. తండ్రి కత్తి తీసేటప్పుడు తల్లి ఏం చేస్తోంది? వంట చేస్తోందా?

చనిపోయిందంటారా? అయితే అదృష్టవంతురాలు.

మళ్ళీ హారన్! కొట్టుకోనివ్వండి. బ్యాటరీ అతనిదే.

షూషానిక్ పటమే ఎందుకు చేయిస్తున్నాడో తెలుసు కదా మీకు? చలికాలంలో పోయిన వాళ్ళమ్మ పేరు షూషానా. ఆవిడ పేరున, ఆవిడ జ్ఞాపకంగా. కొడుకంటే అలా ఉండాలి అని మీరే గుడిలో చెప్పారు. పాపం, ఆ మహాతల్లి జూలై ఎండలో కూడా మెడ చుట్టూ ఉన్ని కండువా కప్పుకునేది. చలి ఒళ్ళు అనేది. మేమందరం కూడా చలి ఒళ్ళు అనే అనుకున్నాం.

మరి ఈ షూషానిక్ సంగతేమిటి? పదిహేను వందల ఏళ్ళ కిందటి మాట, ఇక్కడ చిన్న పిల్లలకి కూడా తెలుసు. మొగుడు పెద్ద దొర. పర్షియా రాజు మెప్పు కోసం మతం మార్చుకుని ఇంటికొచ్చాడు. నువ్వూ మారు అన్నాడు. మారనంది. పెద్దమనుషులు నచ్చజెప్పి, రానన్న మనిషిని విందుకి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడే కొట్టాడు, పొయ్యి కెలికే ఇనప చువ్వతో. ఆ తర్వాత ఆరేళ్ళు కోటలో సంకెళ్ళు. అక్కడే పోయింది.

అల్లుడికి ఇది గుర్తు రాలేదు చూడండి! అమ్మ పేరు కలిసింది, అది చాలు.

అందులో ఒక ఫాదర్ కూడా ఉన్నాడు, గుర్తుందా మీకు? ఆవిడ పాపసంకీర్తనం వినే ఆయన. కొట్టిన మర్నాడు వెళ్ళి, మొహం మీద నెత్తురు కడుగుతానమ్మా, మందు రాస్తాను అన్నాడు. ఆవిడ వద్దంది. ఉండనివ్వండి అంది.

ఉండనివ్వండి అంది, ఫాదర్ గారూ. ఆ మాట దగ్గరే నా కుంచె ఆగిపోతోంది. మూడు వారాలైంది. గుడ్డు పగలగొడతాను, సొన తీస్తాను, రంగు కలుపుతాను, కుంచె ఎత్తుతాను. చెయ్యి రాదు. కలిపిన రంగు సాయంత్రానికి కంపు కొడుతుంది, పారబోస్తాను.

ఏమిటీ? మల్ఖాజ్ అలాంటివాడు కాదా?

ఎలాంటివాడు కాదు? మంచివాడే. గుడి పైకప్పు వేయించాడు. పంట బాగా వస్తే ఊరందరికీ వైన్ పంపిస్తాడు. ఇక బల్ల దగ్గర గ్లాసు ఎత్తాడంటే అతనంత బాగా మాట్లాడేవాడు ఈ లోయలో ఇంకొకడు లేడు. నేను కాదన్నానా?

ఈస్టరుకి ముందు నా కూతురు పిక్రియా మీ దగ్గరికి వచ్చింది. ఏం చెప్పిందో నేనడగను, మీరు చెప్పకూడదు. ఓర్చుకో అమ్మా, ఇంటి మాట ఇంట్లో ఉంచుకో అన్నారట. అదొక్కటీ నాకు తెలుసు.

ఏమన్నారు? మళ్ళీ అనండి.

ఎవరూ ఏమీ చూడలేదా?

అదీ నిజమే. ఎవరూ చూడలేదు. అల్లుడి తల్లి పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో ఊరంతా ఉంది, మీరూ ఉన్నారు. అమ్మాయి మొగుడి పక్కన పువ్వులా కూర్చుందంటారా? కూర్చుంది. నేనూ చూశాను. నాకంటే బాగా ఎవరు చూశారు?

కొంచెం టీ పొయ్యనివ్వండి. మీ అంగీ మీద పడుతుంది, కాస్త జరగండి.

ఫిబ్రవరి కదా. ఆ రోజు పొద్దున్నే వచ్చింది పిక్రియా, మంచులో నడుచుకుంటూ. కండువా తీసింది. ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా, కన్ను కింద మొత్తం. ఏ రంగో తెలుసా మీకు? ఈ చెక్క మీద చూడండి. ఆకుపచ్చ, నలుపు, కాస్త మట్టి. నేను వేసే మొదటి పూత రంగే. కలపాలంటే నాకు గంట పడుతుంది, అతను ఒక్క దెబ్బతో కలిపాడు.

ఏడవలేదది. అమ్మా, ఇవాళ ఊరంతా వస్తుంది, బిషప్ గారి మనుషులు కూడా వస్తారు, నేనిలాగే వెళ్ళి కూర్చుంటాను అంది. ఒక్క మాట కూడా మాట్లాడను, నన్ను చూడనీ అంతే అంది. దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చింది. నా దగ్గరికి దాచమని రాలేదు ఫాదర్ గారూ. చెయ్యి పట్టుకుని పక్కన నడవమని వచ్చింది.

నేనేమన్నానో తెలుసా? నీకు మతి పోయిందా అన్నాను. చచ్చిపోయిన మనిషి భోజనాల రోజున మొగుడి పరువు తీస్తావా అన్నాను. నలుగురూ నన్నేమంటారు, పటాలు వేసే ఎతెరి కూతురు ఇలాగా అంటారు అన్నాను. కూర్చో ఇక్కడ అన్నాను.

అక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టాను. వెలుతురు బాగుంటుందని.

పసుపు మట్టి రంగు తీశాను, మెత్తగా నూరినది. గుడ్డు సొన కలపలేదు. సొన ఆరితే బిగుసుకుంటుంది, మనిషి మాట్లాడినా నవ్వినా పగుళ్ళిస్తుంది. చేతులకి రాసుకునే క్రీములో కలిపాను. చూశారా, అంత తీరిగ్గా ఆలోచించాను! నవ్వాల్సి వస్తే ఎలా అని కూడా ఆలోచించాను! పల్చగా ఒక పూత. ఆగి ఇంకో పూత. ఎముక మీద కాస్త తెలుపు. వద్దమ్మా, ఉండనీ అంది రెండుసార్లు. కదలకు, చెరిగిపోతుంది అన్నాను.

నా జన్మలో అంత బాగా వెలుగు వేయలేదు ఏ మొహానికీ.

మధ్యాహ్నం మల్ఖాజ్ గ్లాసు పట్టుకుని లేచాడు. గుర్తుందా? అమ్మల కోసం తాగుదాం, మన ఇళ్ళలో దీపాలైన ఆడవాళ్ళ కోసం తాగుదాం అన్నాడు. నిజంగానే ఏడ్చాడు, నటన కాదు. మీరూ కళ్ళు తుడుచుకున్నారు. మల్ఖాజ్ వంగి పిక్రియా తల మీద ముద్దు పెట్టాడు. అది నా వైపు చూసింది. నేను ఆ చెంప మీదికి చూశాను, రంగు ఏమైనా కదిలిందా అని.

కదల్లేదు.

అబ్బ, ఆ హారన్! లేవకండి మీరు. నా మాట ఇంకా అవ్వలేదు. అక్కడితో ఆగుంటే ఇంకా నయం.

వెళ్ళేటప్పుడు మిగిలిన క్రీము చిన్న డబ్బీలో పెట్టి దాని సంచిలో వేశాను. ఉంచుకో, రెండు రోజుల దాకా రాసుకో అన్నాను. ఆ డబ్బీ ఖాళీ అయిందని ఈస్టరు అయ్యాక వచ్చింది. నింపి ఇచ్చాను. ఎండాకాలంలో వచ్చింది. నింపి ఇచ్చాను. మూడు వారాల కిందట, ద్రాక్ష కోతలప్పుడు వచ్చింది. డబ్బీ బల్ల మీద పెట్టి ఊరుకుంది, ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. రంగు కొంచెం ఎర్రగా కలపనా, ఎండకి నీ చర్మం నల్లబడింది అన్నాను. అదీ నేనన్న మాట. కన్నతల్లిని.

ఆ సాయంత్రం ఈ చెక్క ముందు కూర్చున్నాను. అప్పట్నుంచీ చెయ్యి రావడం లేదు.

ఎవరూ చూడలేదంటున్నారు కదా. ఎలా చూస్తారు? చూడనివ్వకుండా చేసింది నేను. అతను కొట్టాడు, మీరు ఓర్చుకోమన్నారు, సరే, మీ ఇద్దరి లెక్క దేవుడు చూసుకుంటాడు. పని మాత్రం నాది. పటం మీద మేము పేరు రాసుకోం, రాసుకోకూడదు. ఈ పని మీద మాత్రం రాసుకుంటాను. ఆదివారం బిషప్ గారి ముందే చెప్తాను, ఆ రోజు మీరు చూసింది ఎతెరి చేత్తో వేసిన మొహం అని.

పటం తీసుకెళ్ళండి. ఇలాగే. తడి లేదు, గుడ్డ చుట్టేస్తాను. బాగాలేదంటే వెనక్కి పంపమనండి, నా గోడకి చోటుంది. అమ్మాయి మాత్రం రాదు. కాదు, అది చెప్పమనలేదు. నేనే చెప్తున్నాను, ఫిబ్రవరిలో చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను.

పిక్రియా! రా తల్లీ. కండువా వద్దు, ఉత్తినే రా. జుట్టు వెనక్కి తీసుకో. ఇటు, కిటికీ దగ్గరికి, ఫాదర్ గారి ఎదురుగా. భయం లేదు, గేటు గడియ పెట్టే ఉంది.

రంగు లేదు ఫాదర్ గారూ. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు.

కప్పులోకి కాదు. ఇటు చూడండి. టీ చల్లారితే మళ్ళీ పెడతాను.