లోపలి గడియ

(గాలి చొరబడని ఇనుపగది. లోపల, మనుషులందరిలో మొట్టమొదట అంతరిక్షంలోకి వెళ్లాల్సిన పైలట్. బయట, మైకు ముందు, ఆయన భార్య చెల్లెలు.)

“...అంటే, ఈసారి మంటలా?”

“వేళాకోళం కాదు బావా. కింద వైర్ల గది అంటుకుంది. గడియ తీసుకుని బయటికి రా.”

“మొన్న గాలిగొట్టం పగిలిందన్నారు. అంతకుముందు వరదన్నారు. ఆ వరద రోజున మీ డాక్టరు ఎంత బాగా ఏడ్చాడో! సినిమాల్లో వెయ్యాల్సిన మనిషి, పాపం, ఇక్కడ పడి మగ్గుతున్నాడు.”

“అవి పరీక్షలు. ఇది కాదు.”

“ఆయనా ఇదే అన్నాడు.”

“బావా!”

“అరవకే. ఈ డబ్బాలో నీ గొంతు రేకుమీద మేకుతో గీసినట్టుంది. ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు కూర్చోబెట్టారో!”

“ఇంటిమనిషి గొంతు వింటూంటే లోపలివాళ్లకి పిచ్చెక్కదని.”

“మరి నాకెందుకు ఎక్కుతోంది?”

“పొగ వస్తోంది బావా, దగ్గు ఆగడం లేదు. అందరూ వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే ఉన్నాను.”

“నువ్వూ వెళ్లు మరి.”

“నువ్వు రాకుండానా?”

“చూడు మరదలా, నేను గడియ తీశాననుకో, అక్కడ చీఫ్ గదిలో ఎర్రదీపం వెలుగుతుంది. దాంతో నా పని సరి, మళ్లీ లోపలికి రానివ్వరు. గడియ లోపలివైపు పెట్టిందే అందుకు. బయటివాళ్లు జాలిపడి తియ్యకూడదు, లోపలివాడు భయపడి తియ్యకూడదు. ఇన్నాళ్లూ గొట్టాల్లో తిండి తిని, గోడలతో కబుర్లాడి, తీరా రేపు బయటపడతాననగా నీ దగ్గు విని తీస్తానా?”

“పేరు కోసం ప్రాణం పోగొట్టుకుంటావా?”

“పేరు కాదు.”

“మరేంటి?”

“...అక్క ఎలా ఉంది?”

“మాట మార్చకు.”

“ఎలా ఉందే?”

“లోపలివాళ్లకి ఇంటి సంగతులు చెప్పకూడదు.”

“కొంప అంటుకుందంటూ మళ్లీ రూల్సొకటా?”

“...నెలలు నిండాయి. కాళ్లు వాచిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే నా చెయ్యి పట్టుకోవాలి. పడుకునే ముందు నీ చొక్కా తలగడమీద పరుచుకుంటోంది. చాలా?”

“చాలు. మా తోడల్లుడేం చేస్తున్నాడు?”

“ఆయనకేం, మహారాజు! కళ్లు మసకేశాయని విమానం దింపేశాక ఒళ్లు చేశాడు కూడా. కుర్రాళ్లకి పాఠాలు చెప్పుకుంటున్నాడు. కానీ ఈమధ్య కంచం ముందు కూర్చుని కెలకడమే, తినడం లేదు.”

“నీతో ఏమన్నా చెప్పాడా?”

“ఏం చెప్పాలి?”

“ఏం లేదు.”

“ఏంటి బావా?”

“ఏం లేదన్నానా! ఇంటికెళ్లి దగ్గరుండి తినిపించు. పో.”

“నేను కదలను. తలుపుకి ఆనుకుని కూర్చున్నాను. ఇనుము వేడెక్కుతోంది.”

“లోపల చల్లగానే ఉంది.”

“నీకు మధ్యలో రెండు పొరలున్నాయి. నాకేముంది? బావా, కళ్లు మండిపోతున్నాయి. మీటలు కూడా కనబడ్డం లేదు...”

“లేచి వెళ్లిపో అయితే.”

“వెళ్లను.”

“మొండిఘటమా, వెళ్లమన్నానా!”

“వెళ్లి అక్కకేం చెప్పుకోను? బావని లోపలే వదిలేసి నేను మాత్రం వచ్చేశానని చెప్పనా?”

“ఇది పరీక్షే. చీఫ్ నీ పక్కనే నిలబడి రాసుకుంటున్నాడు. కదూ? చెప్పవే, కదూ?”

“అక్క మీద ఒట్టు.”

“...ఏమన్నావ్?”

“అక్క మీద ఒట్టు బావా. అక్క కడుపులో బిడ్డ మీద ఒట్టు. మంట నిజం.”

“ఇంకోసారి అను.”

“అక్క మీద ఒట్టు.”

“ఓరి దేవుడా... వెనక్కి జరుగు. తలుపు బయటికి తెరుచుకుంటుంది, తగుల్తుంది. జరిగావా?”

“జరిగాను. తియ్యి. త్వరగా తియ్యి బావా.”

“బిగుసుకుపోయింది... ఆఁ, వచ్చింది. పద, పద! చెయ్యిలా ఇవ్వు. మెట్లెటు? ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకో. ఆగు... ఆగాగు. పొగ ఏదీ?”

“ముందు పద బావా.”

“నిన్నే. పొగ ఏదే?”

“లేదు.”

“మంట?”

“లేదు బావా. అందరూ భోజనాలకి వెళ్లారు.”

“అక్క మీద ఒట్టేశావు కదే!”

“అక్క కోసమే వేశాను. కొట్టాలనిపిస్తే కొట్టు. ఇంకేం చెప్పినా నువ్వు తీసేవాడివి కాదు. నువ్వు లోపలికెళ్లే ముందు ఖాళీ రాకెట్ పంపారు చూడు, క్షేమంగా దిగిందని పేపర్లలో కూడా వేశారు. దిగలేదు బావా. వస్తూ వస్తూ పైనే కాలిపోయింది. సీట్లో పెట్టిన మనిషిబొమ్మ బూడిద కూడా దొరకలేదట. పొద్దున ఫోన్లో వాళ్లు మాట్లాడుకుంటుంటే నా చెవులతో విన్నాను. అయినా తేదీ మార్చరట. అవతలి దేశంవాళ్లు ముందు వెళ్లిపోతారని ఏడుపు!”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“కాలిపోయిందని. ఇందులో అడుగు పెట్టకముందే తెలుసు.”

“తెలిసే కూర్చున్నావా? అక్కని ఆ స్థితిలో పెట్టుకుని? నీకేమన్నా మతి పోయిందా బావా? నువ్వు తప్పుకుంటే పొడుగాయన ఎక్కేవాడు కదా. నీ తర్వాత పేరు ఆయనదే. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఏడ్చేవాళ్లు లేరు. పాపమైతే నాకే తగలనీ, నాకు నువ్వు కావాలి, అంతే.”

“పొడుగాయన ఆసుపత్రిలో ఉన్నాడే. నాకన్నా ముందు ఈ గదిలో కూర్చుంది ఆయనే. గాలి ఒత్తిడికి రెండు చెవులూ పోయాయి.”

“కాదు. ఆయన పేరు బోర్డుమీద ఉంది. వస్తూ చూశాను.”

“బోర్డు పేపరువాళ్ల కోసం.”

“మరి... మరి నీ తర్వాత ఎక్కే రెండోవాడెవరు?”

“తలుపు మూసెయ్. నేను లోపలికి పోతాను. ఎవరూ చూడలేదు, పొరపాటున చెయ్యి తగిలిందని చెబుదాం. మూసెయ్యవే!”

“దీపం వెలిగే ఉంటుంది బావా. అదుగో, ఫోన్ మోగుతోంది.”

“తియ్యకు.”

“చీఫ్ గదినుంచే. ఏమని చెప్పను?”

“తియ్యొద్దన్నానా!”

“రెండోవాడెవరు బావా?”

“నీ మొగుడి కళ్లకి ఏ రోగమూ లేదే. నువ్వు ఏడుస్తావని మేమిద్దరం అలా చెప్పాం. నేను లోపల ఉన్నంతసేపే వాడు నేలమీద ఉండేది.”