పుల్లయ్య దగ్గు

ఏమబ్బా హరీషూ, ముదిగుబ్బ దోవలో ఆ కొండ సగమే ఉండాదేమంటివా? మిగతా సగం కంకరైపోయిందప్పా. దాన్ని తొలిసినోళ్లల్లో మా పక్కింటి పుల్లయ్య ఒగడు. నువ్వు పుట్టకముందే పోయినాడులే. డ్రిల్లింగు మిషను రొమ్ముకానిచ్చి పట్టినాడంటే రాయి వణకల్ల. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు గూడా తెల్లగా, పిండిమరలోంచి లేసొచ్చినోని మాదిరి. మూతికి టవలు కట్టుకుంటాండె, అంతే. నీళ్లు పోస్తా తొలిస్తే దుమ్ము లెయ్యదు గదా, మేస్త్రీని అడిగితే 'తాగేదానికే లేవు, రాయికి యాడ పోసేది' అంటాండె. మా బోరు గూడా ఆ ఏడే ఎండిపాయె, అది వేరే కథ.

ఏం చెప్తాంటి? ఆ, దగ్గు. దగ్గు పట్టుకొనె. ఆస్పత్రిలో టీబీ అని మాత్రలిచ్చిరి. తిన్యాడు, తగ్గల్యా. మళ్లా ఇచ్చిరి. వాని పెండ్లాము సోమక్క ఏంజేస్తాది పాపం, పళ్లెం వేరే, చెంబు వేరే, పడక పశువుల కొట్టంలో. కూతురు సుచిత్ర చిన్నది, నాయనా అని ఉరుకుతా పోతే రెక్క పట్టి ఈడ్చేది, 'పోవద్దే, అంటుకుంటాది' అని. వాడు గూడా 'ఆడే ఉండుమ్మా, ఆడే ఉండు' అని చెయ్యూపుతాండె. ఆ పిల్ల అట్లా దూరంగా నిలబడే పెద్దదైపాయె.

ఆఖరికి నేనే రైల్లో బెంగుళూరుకి పిల్చకపోతి. ఆడ డాక్టరమ్మ ఎక్సురే లైటుకి పెట్టి చూసి, 'ఏం పని చేస్తారు?' అనె. అన్నేండ్లలో ఆ మాట అడిగింది ఆయమ్మొక్కతే. రాళ్లు తొలుస్తానంటే, 'ఇది టీబీ కాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నయం చేసే మందు లేదు' అనె. వాడేమడిగినాడో తెల్సా? 'అయితే ఎవురికీ అంటుకోదా మేడమ్?' 'అంటుకోదు' అనె. ఇంగ రైలెక్కినాక ఒగటే నగుతాండాడప్పా! ఆయాసంతో నగల్యాకనే నగుతాండాడు. 'మందు లేదంటే నగుతావేందిరా' అని తిడితి.

ఇంటికొచ్చినాక కొట్టంలోకి పోల్యా. నేరుగా నడింట్లో కూచొని, 'సోమీ, బువ్వ పెట్టు. సుచిత్రమ్మా, ఇట్లా రా' అనె. ఆ పాప అప్పటికి పదో తరగతి. వాళ్లమ్మ మొగం చూసె. డాక్టరమ్మ చెప్పింది నేను చెప్తి. సోమక్క సంగటి తెచ్చి వాని పళ్లెంలో పెట్టి, అందులోంచే ముద్ద తీసి ముందు తాను తినె. అప్పుడొచ్చి కూచునె ఆ పిల్ల, వాని తొడకానుకొని.

మర్సటి వారం క్వారీకి పోయి, ఆగి ఆగి, 'నాది టీబీ కాదురా, ఈ దుమ్మే. నీళ్లు పొయ్యకుంటే మిషను ముట్టొద్దండి' అని అందరికీ చెప్పొచ్చె. కొందరు విన్యారు. ఆ ఎండాకాలం దాటల్యా వాడు. విననోళ్లల్లో మా తమ్ముడు గంగాధర గూడా... వానికీ అట్లే...

ఎండ మీదికొచ్చె, ఆ కుర్చీ రోంత ఇట్లా జరుపు.