వీబ్రెన్ బాబాయి సంతకం

ఒక్క బిస్కెట్టిచ్చి డబ్బా మూత బిగించేశావే, వీబ్రెన్ బాబాయ్! బయటివాళ్లకి చేసే మర్యాద నాకూనా? సరేలే, తగినదాన్నే.

మన కార్ఖానా వదిలిపోతానని నువ్వు ఒప్పందం మీద సంతకం పెట్టి ఇవాళ్టికి పద్నాలుగు రోజులు. చట్టం ఆ పద్నాలుగు రోజులూ పనివాడికే ఇచ్చింది, యజమానికి కాదు. కారణం చెప్పక్కర్లేదు. "నా సమ్మతి వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక్క వాక్యం రాసిస్తే చాలు, ఆ కాగితం చిత్తు. రేపు రాస్తే మాత్రం చెల్లదు.

ఏంటీ, నేనే మళ్లీ పనిలో పెట్టుకోవచ్చుగా అంటావా? ముప్పై ఎనిమిదేళ్లు తుడిచేసుకుని కొత్తవాడిలా చేరనని మొన్న ఫోన్లో అన్నది ఎవరు?

అలా కిటికీలోంచి చూడకు, బాబాయ్. శుక్రవారం చర్చి పెద్దలు పని చూడ్డానికొస్తున్నారు. వాళ్ల మూడొందల ఏళ్ల ఆర్గన్ వాయిద్యంలో ఒక వరుస గొట్టాలు పొట్టిగా కోసి పెట్టాం. వాటికి అతుకేసి మళ్లీ పాత గొంతు తెప్పించగల చెయ్యి ఈ జుట్‌ఫెన్ ఊళ్లో నీదొక్కటే. వాళ్లు పని వెనక్కి తీసుకుంటే నాన్న పెట్టిన కార్ఖానాకి తాళమే.

నవ్వు, నవ్వు! అవసరం కొద్దీ వచ్చిందనుకో. అదీ నిజమే.

కానీ... కోసింది నువ్వు, కొలతలిచ్చింది నేను. చర్చి పెద్దల ముందు నీ గురించి ఏమన్నాను? "వయసు మీద పడింది, చెవి మందగించింది" అన్నాను. నువ్వు నోరెత్తలేదు. ఎందుకని? నిజంగానే మందగించిందేమోనని భయపడ్డావు కదూ? వకీలునైనా అడగకుండా సంతకం పెట్టేశావు.

ఆ గొట్టాల శ్రుతి నేను జనవరిలో కొలిచాను, బాబాయ్. చర్చిలో హీటరు లేదు, నోట్లోంచి ఆవిరి వస్తోంది. చలికి శ్రుతి దిగుతుందని నాకు పదేళ్లప్పుడు నేర్పింది నువ్వే! కొలతల పుస్తకంలో చలి ఎంతుందో రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను. చలికి దిగిన శ్రుతిని గొట్టాల తప్పనుకుని, పైకి తేవడానికి పొట్టిగా కొయ్యమని నీకు రాసిచ్చాను.

ఎప్పుడు తెలిసిందంటావా?

ఉండు... కాస్త నీళ్లియ్యి.

సంతకం ముందు రోజు తెలిసింది. పుస్తకం తిరగేస్తుంటే ఆ ఖాళీ గడి కనబడింది. మర్నాడు పొద్దున నువ్వొచ్చి, జేబులన్నీ తడుముకుని, "పెన్ను మర్చిపోయానమ్మా" అన్నావు.

నీ చెవికేం కాలేదు, బాబాయ్. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నా పెన్ను తీసి ఇచ్చాను.