నెజు వచ్చినప్పుడు మోగని డోలు

షియొమి రేవులో, ముల్లంగి ముక్కలు పులుసులో ఉడికించి అమ్మే కినుయో ఓడెన్ కొట్టు. బేస్‌బాల్ సీజన్ ఆఖరి ఆట ముగిసిన మర్నాడు, మధ్యాహ్నం.

“ఇటు రండి, ఇటు రండి! దగ్గరికి జరగండి! మాటలాపండి, గిన్నెల చప్పుడాపండి! వెనకాలున్నవాళ్లు కూడా ముందుకి...”

“వెనకాల ఎవరున్నారు గొంపాచి బాబాయ్? ఉన్నది నేనూ, కినుయో అక్కా.”

“నువ్వుండు తమాకీ. కొంగల జట్టు అభిమాన సంఘం సమావేశమంటే అలాగే పిలవాలి. నలభై ఏళ్ల నుంచి అలాగే పిలుస్తున్నా. ముప్ఫయ్యేడు మంది సభ్యులం!”

“మిగతా ముప్ఫయ్యైదుగురికీ ఇవాళ కడుపునొప్పంట.”

“అందరికీనా?”

“అందరికీనూ. మొహం చూపించలేక వచ్చిన నొప్పి.”

“అది సరేగానీ గొంపాచీ, నిన్న నేను కొట్టు మూసి ఆటకి రాలేకపోయా. మన కొత్త ఆటగాడు నెజు ఏం చేశాడు? అదొక్కటి చెప్పు నాకు.”

“చెప్తా కినుయో, చెప్తా. ముందు ఆ పులుసులోంచి ఓ ముల్లంగి ముక్క తియ్యి. ఈ ఏడు మన కొంగలు ఎన్ని ఓడాయో తెలుసా నీకు?”

“తెలుసు. నెజు ఏం చేశాడు?”

“మన పేరు పక్కన సున్నాలు తగిలించీ తగిలించీ బోర్డువాడి దగ్గర సున్నాలైపోయాయి! ఆగస్టులో సగం ఆటలో నిచ్చెన దిగి పరిగెత్తుకొచ్చి, నీ కొట్టులో ప్లేట్లు పట్టుకెళ్లి తగిలించాడు.”

“నా నీలంరంగు ప్లేట్లు రెండు కనపడట్లేదు. అవేనా?”

“అక్కా, నమ్మకు. బాబాయ్ పగలగొట్టుంటాడు.”

“ఇది విను. జూలైలో ఎలుగుల జట్టోడు ఒక బంతి లేపాడు చూడూ, అది లేచీ లేచీ మబ్బులో దూరింది. మనవాడు పట్టుకుందామని పైకి చూస్తా నుంచున్నాడు. అట్టా చూస్తా చూస్తానే గడ్డం పెరిగింది. ఆ బంతి ఇప్పటికీ దిగలా!”

“దిగింది. అతని నెత్తిమీదే. నాలుగు కుట్లు పడ్డాయి.”

“అమ్మాయ్, నీకు బాకా ఊదడం వచ్చుగానీ కథ వినడం రాదు.”

“నీకు చెప్పడం వచ్చుగానీ అసలు సంగతి చెప్పడం రాదు. అక్క అడిగేది నెజు గురించి.”

“నెజు గురించి చెప్పాలంటే పాట గురించి చెప్పాలి.”

“పాట నాకు చెప్తావేంటి! ఈ బల్లమీదే కదా కట్టావు. మార్చిలో, మూడు సాయంకాలాలు. నా బల్లని డోలనుకుని బాదావు. ఈ సొట్ట అప్పటిదే.”

“మరి ఆటగాడన్నాక ఒక పాటుండాలిగా! వాడు కర్ర పట్టుకుని లోపలికొచ్చేసరికి స్టాండంతా లేచి వాడి పాట వాడికి పాడాలి. పాట లేనివాడు ఆటగాడేంటి? కొత్తగా వచ్చిన పిల్లాడు, బక్కగా ఉన్నాడు, ఎవరూ పట్టించుకోలా. నేనే కట్టా. ‘నెజూ నెజూ లేపరా బంతి, రేవు దాటిపోవాల బంతి, ఢం ఢం ఢం!’”

“బల్ల! బల్ల మీద కాదు!”

“అలవాటయిపోయింది చేతికి.”

“బావుంటది పాట. బావుండదని ఎవరన్నారు? మొదటి రోజే కొట్టాడుగా?”

“కొట్టాడు! ఏప్రిల్లో తొమ్మిది హిట్లు కొట్టాడు! ఒక్కొక్కటీ రేవు దాటి, అవతలి ఒడ్డు దాటి, చేపలోళ్ల వలల్లో...”

“కంచె దాటలేదు ఒక్కటీ. తొమ్మిది మాత్రం నిజమే.”

“మే నెల నుంచి ఏమైందో ఏమో. ఒక్కటంటే ఒక్క హిట్టు లేదు. జూన్ లేదు. జూలై లేదు. కర్ర తిప్పడం, గాల్లో కొట్టడం, తలొంచుకుని వెళ్లిపోవడం. మేం ఇంకా గట్టిగా పాడాం. వాడు ఇంకా గట్టిగా గాల్లో కొట్టాడు.”

“సీజన్ అయ్యేలోపు ఒక్క హిట్టు కొట్టకపోతే ఇంటికి పంపేస్తామన్నారు అక్కా. పేపర్లో కూడా వచ్చింది.”

“ఇరవై మూడేళ్ల పిల్లాడిని!”

“అప్పుడు ఈ తమాకీ ఒక పుస్తకం తెచ్చింది చూడూ...”

“తెస్తే తప్పా? మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి బంతీ రాసుకున్నా. బాబాయ్ ఢం ఢం ఢం అని కొడతాడు. మూడో ఢంకి నెజు కర్ర తిప్పుతాడు. ప్రతిసారీ అంతే. కాళ్లు కూడా తాళం ప్రకారమే వేస్తున్నాడు. ఎలుగులవాళ్లు కనిపెట్టేశారు. రెండో ఢంకే విసిరేస్తున్నారు.”

“అంటే... గొంపాచీ, డోలు వల్లేనా?”

“ముక్క ఉడికిందా?”

“గొంపాచీ.”

“డోలు వల్లే అని ఎవరూ అనలా. పుస్తకంలో అట్టా ఉందంతే.”

“మరి తాళం మార్చొచ్చుగా?”

“మార్చాంగా! నాలుగు ఢమ్ములు పెట్టాం. వాడు ఐదోదానికి తిప్పాడు.”

“అయ్యో.”

“ఆ తర్వాతే నెజు ఇక్కడికొచ్చింది. ఆట లేని సోమవారం. నువ్వు కూడా ఉన్నావు కినుయో.”

“ఉన్నా. వంగి వంగి మాట్లాడాడు. ఆ మూల కూచున్నాడు.”

“వచ్చాడు, నా ముందు నమస్కారంగా వంగాడు. నేనూ వంగా. వాడు ఇంకా కిందకి వంగాడు. పెద్దవాడిని, నేను తగ్గుతానా? ఇంకా కిందకి వంగా. సంఘమంతా వంగింది. ఆ వంగుళ్లలో ముక్కులు నేలకి రాసుకున్నాయి. చివరికి ఎవడు ముందు లేవాలో తెలీక పావుగంట అట్టాగే ఉన్నాం.”

“రెండు నిమిషాలు.”

“అప్పుడన్నాడు. వంగే అన్నాడు. ‘మీరు కట్టిన పాట... చాలండి’ అని.”

“అంతేనా?”

“అంతే.”

“అంటే ఏంటని అడిగారా?”

“ఎట్టా అడుగుతాం కినుయో? పిల్లాడు అంత దూరం వచ్చి, ఎర్రగా అయిపోయి, మనసులో మాట పెగల్చలేక పెగల్చలేక అన్నాడు. మళ్లీ అడిగితే ఎంత ఇబ్బంది పడతాడు! వాయించొద్దని నోరు తెరిచి అనలేక అన్నాడని అర్థం చేసుకున్నాం. ఆ మాత్రం తెలీదా మనకి?”

“నేను ముల్లంగి ముక్కలు వేశా అతనికి.”

“వేశావులే.”

“మూడు వేశా. తిన్నాడు, పులుసు కూడా తాగాడు. గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని కళ్లు మూసుకుని ‘చాలండి’ అన్నాడు. అంటే నా ఓడెన్ బాలేదనా?”

“అది వేరు.”

“ఎట్టా వేరు? అదే గొంతు.”

“ముల్లంగి వేరు, పాట వేరు కినుయో.”

“అక్కా, ఆ మాట నువ్వు అప్పుడే ఎందుకు అనలేదు?”

“మీరంతా అంత గంభీరంగా వంగున్నారు. మధ్యలో ముల్లంగి గురించి ఎట్టా మాట్లాడను తమాకీ?”

“ఇంక ఆట సంగతి చెప్తా! నిన్న ఎండ ఎట్టా ఉందంటే, కొంగ వేషం వేసేవాడి ముక్కు కరిగి మోకాళ్ల దాకా...”

“నెజు!”

“చెప్తున్నా! నిన్న తీర్మానం. నెజు వచ్చినప్పుడు ఒక్క చప్పుడు ఉండకూడదు. మిగతా ఎనిమిది మందికి పాటలు మామూలే. నెజుకి మాత్రం గప్‌చుప్. ముప్ఫయ్యేడు నోళ్లలో ముప్ఫయ్యేడు తువ్వాళ్లు. చెయ్యి దానంతటది కొట్టేస్తుందేమోనని నేను డోలెక్కి కూచున్నా.”

“కొట్టే కర్రలు?”

“సాక్సుల్లో దోపా.”

“ఇది మాత్రం నిజం అక్కా. కుంటుకుంటూ మెట్లు దిగాడు.”

“మొదటిసారి వచ్చాడు. నుంచున్నాడు. ఇటు చూశాడు.”

“ఎటు?”

“ఇటే. కుడివైపు మన స్టాండు కేసి.”

“ఎందుకు?”

“గాలెటు కొడుతుందో చూసుకున్నాడు.”

“గాలి లేదు బాబాయ్.”

“లేదనే చూసుకున్నాడు! మూడు బంతులు. గాల్లో.”

“రెండోసారి?”

“చూశాడు. గాల్లో.”

“మళ్లీ ఇటే చూశాడా?”

“మధ్యలో మన మొరిగుచి వచ్చాడుగా, వాడి పాట దుమ్ము దులిపేశాం! ఈ తమాకీ ఊదిన ఊదుడికి రేవులో ఓడ దారి తప్పి...”

“మూడోసారి కూడా ఇటే చూశాడు అక్కా. నేను బాకా ఒళ్లో పెట్టుకుని తలొంచుకున్నా.”

“ఒక్కరన్నా చెయ్యూపారా?”

“చెయ్యూపితే ఏకాగ్రత పోతుందేమోనని అందరం చేతులు తొడల కింద పెట్టుకున్నాం.”

“దేవుడా. ముప్ఫయ్యేడు మంది నోట్లో గుడ్డలు కుక్కుకుని, చేతుల మీద కూచుని ఉంటే, ఆ పిల్లాడికి దూరం నుంచి ఏం కనపడుంటుంది?”

“ప్రేమ కనపడుంటుంది!”

“నాకైతే అలిగినట్టు కనపడుద్ది. చెప్పు. నాలుగోసారి.”

“ఆఖరిది. ఇంక ఒక్కడు ఔటయితే సీజన్ అయిపోద్ది. వచ్చాడు. కర్ర పట్టుకోకుండా ఇటే చూస్తా నుంచున్నాడు. అంపైర్ రమ్మన్నాడు. కదల్లా. మళ్లీ రమ్మన్నాడు.”

“వాయించొద్దూ! ఒక్కసారి!”

“నా పది వేళ్లూ దురదపెట్టాయి కినుయో. కింద డోలు దానంతటది వణికింది. అబద్ధం కాదు.”

“వాయించావా?”

“ఎట్టా వాయిస్తా? మాటిచ్చాంగా!”

“ఎవరికి?”

“నెజుకి!”

“అతను అడిగాడా?”

“వంగాడుగా! మూడు బంతులు. మూడూ గాల్లోనే. తర్వాత టోపీ తీసి మా వైపు తిరిగి వంగాడు. చాలాసేపు వంగాడు. వాయించనందుకు కృతజ్ఞత చెప్తున్నాడనుకున్నాం. మేమూ లేచి వంగాం.”

“తువ్వాళ్లు నోట్లో పెట్టుకునేనా?”

“తియ్యడం మర్చిపోయాం.”

“ఇప్పుడెక్కడున్నాడు? గొంపాచీ, వెళ్దాం పద. గిన్నె కట్టిస్తా. నీ డోలు సైకిలెక్కించు. అతని గది ముందే వాయిద్దాం.”

“లేడక్కా.”

“ఎక్కడికెళ్లాడు?”

“పొద్దున పోస్టాఫీసుకొచ్చాడు. నేను పనిచేసే కిటికీకే. చిరునామా మార్పు కాగితం ఇచ్చాడు. ఉత్తరాలన్నీ ఇకమీదట హినొకుచికి పంపమని. ఆ కొండమీద ఊరు. భుజాన సంచి ఉంది.”

“నువ్వేమన్నావు?”

“ముద్ర వేశా.”

“అంతేనా?”

“వెనకాల వరసలో ఐదుగురు ఉన్నారక్కా. అతను వంగాడు. నేనూ వంగా. కిటికీ చువ్వకి నుదురు తగిలింది. చూడు, ఇక్కడ.”

“బొప్పి కట్టిందే. ఈ చల్లటి గరిటె పెట్టుకో.”

“మిమ్మల్ని నవ్వించే సంగతింకోటి చెప్పనా? సెప్టెంబర్లో మనం గెలిచిన ఆట! వానొచ్చి అవతలి జట్టు బస్సు బురదలో...”

“బాబాయ్, నిన్న నీ పక్కన కూచున్న పెద్దాయనెవరు?”

“ఏ పెద్దాయన?”

“ఒళ్లో తునికిపళ్లలాంటి కాకీపళ్ల మూట పెట్టుకున్నాయన. సాయంత్రం ఆయన హినొకుచి బస్సే ఎక్కడం చూశా.”

“ఓ, ఆయనా. ఎవరో. దారి తప్పి వచ్చాడు. ఆటంటే బొత్తిగా తెలీదు. నెజు గాల్లో కొట్టినప్పుడల్లా చప్పట్లు! బోర్డు మీద స్ట్రైకులు, అదే కొట్టలేక తప్పిన బంతుల లెక్క, ఒకటి, రెండు, మూడు అని పెరుగుతుంటే, ‘చూశావా, మావాడు మూడు కొట్టాడు’ అంటాడు.”

“మావాడా?”

“గొంపాచీ. ‘మావాడు’ అన్నాడా?”

“పళ్లు మంచివి. ఒకటిచ్చాడు నాకు. ఇంకా తినలా.”

“ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్? నిన్నట్నించీ నీ కడుపులో ఉందా ఇది?”

“నాకెప్పుడు తెలుసనుకున్నావు? అంతా అయిపోయాకేగా! చప్పట్లు వినబడుతుంటే ఎవరో పిచ్చోడనుకున్నా. నోట్లో గుడ్డుందిగా, అడగలా.”

“అయిపోయాక ఏమన్నాడు?”

“వద్దులే కినుయో. నవ్వొచ్చే మాట.”

“నవ్వుతాంలే. చెప్పు.”

“అందరూ లేచి వెళ్లిపోతున్నారు. నేను సాక్సుల్లోంచి కర్రలు తీస్తున్నా. ఆయన నా చొక్కా పట్టుకుని లాగి, ఇట్టా చెవి మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు, ‘బాబూ, ఈ ఊళ్లో చెవుల డాక్టరున్నాడా? మావాడికి ఇక్కడ పాట కట్టారంట, రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆ పాటే రాశాడు, అది విందామనే కొండ దిగొచ్చా. మిగతా పిల్లలొచ్చినప్పుడు నీ డోలు బానే వినపడతంది. మావాడొచ్చినప్పుడే నాకు చెవుడొస్తంది.’”