పెద్దరాణికి విషం పెట్టిందెవరు

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. మేడమీద మేనేజరు గది. కింద మిషను దగ్గర నుంచి పిలిపించిన ఒక నడివయసు కార్మికురాలు ఆయన ఎదుట నిలబడి ఉంది. ఇద్దరి మధ్య, బల్లమీద, అట్ట నలిగిన ఒక నవల.

"అడిగినదానికి సూటిగా చెప్పమ్మా. పనివేళల్లో ఇది చదువుతున్నావా, లేదా?"

"చదువుతున్నాను సార్. గొంతెత్తి చదువుతున్నాను. మిషన్ల చప్పుడులో హాలంతా వినబడాలి కదా."

"దబాయిస్తున్నావా?"

"ఉన్నమాట చెప్తున్నాను. సూపర్‌వైజరుగారు నిన్న అడిగినప్పుడూ ఇదే చెప్పాను. పుస్తకం లాక్కుని వెళ్లిపోయారు."

"మరి నీ మిషను ఆగిపోయి ఉంటే, నీ నంబరు మీద కాలర్ల కట్టలు ఎలా దిగుతున్నాయి? నీకేమైనా నాలుగు చేతులున్నాయా?"

"నా వాటా మిగతావాళ్లు కుడుతున్నారు. తలా కొన్ని పంచుకుంటారు. నేను చదవాలి, వాళ్లు నా పని లాగాలి. అది మా ఒప్పందం."

"దాన్ని ఒప్పందం అనరు, మోసం అంటారు."

"ఎవర్ని మోసం చేశాం సార్? ఏ చొక్కాకైనా కాలరు లేకుండా పోయిందా? కుట్టు వంకర తిరిగిందా? బాగాలేదని తిరిగొచ్చిన కట్ట ఒక్కటి చూపించండి, ఈ క్షణమే మానేస్తాను."

"ఎలాగూ మానేస్తావు. ఇదిగో, క్షమాపణ. టైపు చేయించి ఉంచాను. ఇంకెప్పుడూ చదవనని సంతకం పెట్టి వెళ్లు."

"పెట్టను."

"పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా?"

"ఉద్యోగం ఊడుతుంది. మెట్లెక్కుతుంటే సూపర్‌వైజరుగారు చెప్పారు. నేనూ పొద్దున్నే ఇంట్లో మా ఆయనకి చెప్పే వచ్చాను. తప్పయిందని చెప్పేసి, నోరు మూసుకుని పని చేసుకో అన్నాడు. ఇన్నేళ్లూ మూసుకునే చేశాను సార్. తెరిచి చూశాక మళ్లీ మూసుకోవడం నావల్ల కావడం లేదు."

"తెరవడానికి ఈ చెత్తే దొరికిందా? రాజులు, రాణులు, కోటలో హత్యలు, మధ్యలో సరసాలు. ఆ అట్టమీద బొమ్మ చూడు."

"బొమ్మ కొంచెం అతిగానే ఉంది. లోపల అంత లేదు."

"నవ్వకు."

"నవ్వలేదు సార్."

"చదవడమే తప్పని నేననడం లేదు. మంచివి చదువు. క్రమశిక్షణ, పొదుపు, జీవితంలో పైకి రావడం. అలాంటివి నేనే తెప్పిస్తాను. కావాలంటే నీకు మైకు కూడా పెట్టిస్తాను."

"వద్దు సార్."

"ఎందుకు వద్దు?"

"గంట కొడితే కూర్చుంటాం, గంట కొడితే లేస్తాం. మంచినీళ్లకి లేవాలన్నా చెయ్యెత్తి అడుగుతాం. ఇంకా క్రమశిక్షణ ఎక్కడ పెట్టుకోమంటారు? మాకు కావలసింది, ఆ అత్తరు దుకాణం ఆవిడ కోటగోడ దిగుతుంటే తాడు తెగుతుందా లేదా అన్నది."

"ఎవరా అత్తరు ఆవిడ?"

"కథలో మనిషి. భర్త పోయాక దుకాణం తనే నడుపుకుంటోంది. కోటలో పెద్దరాణి చచ్చిపోయింది. వంటమనిషి విషం పెట్టిందని పట్టుకెళ్లి చీకటికొట్లో పడేశారు. ఈవిడ రాణి పడుకున్న దిండు వాసన చూసి, విషం కంచంలో లేదు, తలకి రాసిన నూనెలో ఉంది అంది. ఎవరు వింటారు? నీ సీసాలు నువ్వు చూసుకో, న్యాయం నీకెందుకన్నారు. కోట కాపలాదారుల నాయకుడు ఒక్కడే విన్నాడు."

"వాళ్లిద్దరికీ ప్రేమ."

"ఇంకా అంతదాకా రాలేదు సార్. మొన్న చెయ్యి పట్టుకోబోయి, మళ్లీ ఊరుకున్నాడు. ఇస్త్రీ దగ్గర పెద్దమ్మ ఉంది చూడండి, అందరిలోకీ పెద్దది, ఆవిడకే తొందర. వీడు పట్టుకునేలోపు నేను రిటైరైపోతానే అని సణుగుతుంది."

"గుండీలు కుట్టేచోట ఏదో గొడవైందని కూడా విన్నాను."

"గొడవ కాదు, వాదన. మంత్రే చంపించాడని గుండీలవాళ్లు, కాదు చిన్నరాణి తమ్ముడని కాలర్లవాళ్లు. ఆ కిటికీ పక్కన దారాలు కత్తిరించే పిల్ల ఒకతి ఉంది సార్. చేరి ఏడాది దాటినా పెదవి విప్పింది లేదు. ఇంట్లో మాట్లాడితే తంతారట, మాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల ఆరోజు కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడింది. మీరందరూ తప్పు, ఆ వంటమనిషి ఏదో దాస్తోంది, నిజంగా భయపడ్డ మనిషి అంత గడగడా మాట్లాడదు, నాకు తెలుసు అంది. అందరం మిషన్లమీద కాళ్లు ఆపేసి చూస్తూ ఉండిపోయాం. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాకు ఆరోజే తెలిసింది. మీ పొదుపు పుస్తకం ఆ పని చేస్తుందా?"

"ప్రశ్నలు నేను అడగాలి, నువ్వు కాదు."

"అడగండి."

"యజమాని అడిగితే నేనేం చెప్పుకోను? పని చెయ్యడానికి వచ్చినవాళ్లు కూర్చుని కథలు వింటున్నారని చెప్పనా?"

"చెప్పండి. ఇక్కడున్నంతసేపూ చేతులు ఆయనవి. కాదనం. చెవులు మాత్రం మావి. వాటికి ఆయన జీతం ఇవ్వడం లేదు."

"నిన్ను ఈ పూటే పంపించెయ్యగలను."

"పంపించండి. గేటు బయట కూర్చుంటాను. భోజనాల వేళకి వాళ్లే వస్తారు. రోడ్డు ఫ్యాక్టరీది కాదు కదా."

"ఇంత మొండితనమేంటమ్మా నీకు?"

"నా పుస్తకం నాకు ఇప్పించండి, వెళ్తాను."

"ఇవ్వను. కూర్చో."

"నిలబడే ఉంటాను."

"కూర్చోండి. ఒక మాట అడగాలి. ఈ పుస్తకం నిన్న ఇంటికి పట్టుకెళ్లాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాను."

"ఓహో."

"ఇందులో అత్తరు దుకాణం లేదు. కాపలా నాయకుడు లేడు. ఇదేదో ఓడలో ముత్యాలు పోయిన కథ. అసలు పెద్దరాణే లేదు."

"లేదు సార్."

"మరి ఇన్నాళ్లూ మీరు చదువుతున్నదేంటి?"

"ఓడ కథ ఎప్పుడో అయిపోయింది. దానికి ముందు ఇలాంటివి చాలా చదివాం. తర్వాత పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు మూసేశారు. కొత్తవి దొరకలేదు. ఊరుకోవడం ఎవరివల్లా కాలేదు."

"అయితే చేతిలో ఈ పుస్తకం ఎందుకు?"

"పనిలో కబుర్లు నిషేధం అని గోడమీద ఎర్రరంగుతో రాయించారు. చదవడం నిషేధమని రాయించలేదు. పేజీలు తిప్పుతూ చెప్తే చదువుతున్నట్టే కదా."

"అంటే అదంతా మీరు..."

"ఇక వెళ్లొచ్చా?"

"ఆగండి. సూపర్‌వైజరు వచ్చి ఫిర్యాదు చేసేదాకా నాకు తెలియదనుకున్నారా? ఈ కిటికీ తెరిస్తే మీ గొంతు ఇక్కడికి వినబడుతుంది. నేను ఈ మధ్య మూయడమే మానేశాను. మొన్న ఆవిడ గోడ సగం దిగేసరికి గంట కొట్టారు. మీరు ఆపేశారు. నేను ఆగలేకపోయాను. అందుకే పుస్తకం తెమ్మన్నాను."

"మరి ఈ క్షమాపణ కాగితం?"

"అది సూపర్‌వైజరు కోసం."

"అయితే ముందు దాన్ని చింపండి."

"చింపాను. చూశారుగా. ఇప్పుడైనా చెప్పండి. రాణికి విషం పెట్టిందెవరు?"

"అది నేనొక్కదాన్నీ చెప్పగలిగింది కాదు సార్. భోజనాల దగ్గర తలా ఒక ముక్క ఇస్తే, నేను అతికించి చెప్తున్నాను, అంతే. ఎవరు పెట్టారో మాలో మాకే ఇంకా తేలలేదు. అంత ఆత్రంగా ఉంటే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కిందికి రండి, మీ ముక్కా మీరు ఇద్దురుగాని."