వేరే కత్తెర

బల్ల మీద ఇద్దరు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నా, సెలూన్ యజమాని ఎప్పటిలాగే అప్పుడే వచ్చిన చిన్ననాటి నేస్తాన్ని ముందుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. మెడకు గుడ్డ కడుతూ ఆగిపోయాడు.

"ఇది నా కత్తెర పని కాదండీ. ఎక్కడ చేయించుకున్నారు?"

"వీధి చివర కొత్త షాపులో."

"నా వల్ల తప్పేమైనా జరిగిందాండీ?"

"ఆ 'అండీ'యే! చిన్నప్పట్నుంచీ 'ఒరేయ్' అన్న నోరు కాదూ అది?"

"నా గుండె ఆగబోతుంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషిని 'ఒరేయ్' అంటానా?"

"ఇదివరకు తల కదిపితే నెత్తిన మొట్టేవాడివి. ఇప్పుడు గాజుబొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావ్. డబ్బులిస్తే దండం పెడుతున్నావ్. వీళ్ళని కాదని నన్ను కూర్చోబెడుతుంటే, వీళ్ళ చూపులకి నా వీపు కాలిపోతోంది."

"మీ రుణం తీరాలి కదండీ."

"తీర్చేసి నన్ను వదిలించుకుందామనా? నువ్వు బతికావని సంతోషపడ్డాను. నువ్వు మాత్రం నేరం చేసినవాడిలా తిరుగుతున్నావ్. ఆరోజు నేను మోసుకెళ్ళింది నా స్నేహితుణ్ణిరా. తిరిగొచ్చింది ఎవడో నౌకరు!"

మెడ మీది గుడ్డ విసురుగా ఊడింది.

"లే."

"ఏంటి?"

"లేవరా! నీకంటే ముందొచ్చినవాళ్ళు ఇద్దరున్నారు, కళ్ళు కనబడట్లేదా? పోయి ఆ బల్ల మీద కూర్చో."

అతను వెళ్ళి బల్ల చివర ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఎంతసేపు పడుతుందిరా?"

"నోరు మూసుకుని కూర్చో. ఆ ఎలుక కొరికిన తల బాగుచెయ్యాలంటే సాయంత్రమవుతుంది."